ఇంజెక్షన్ల రోజుల్లో వినకూడని సలహాలు

"డోసు పెంచమని డాక్టరుగారిని అడుగు. ఎంత మందు పడితే అన్ని గుడ్లు వస్తాయి." ఐవీఎఫ్ మొదలుపెట్టిన అమ్మాయి చెవిన ముందుగా పడే సలహా ఇదే. చెప్పేది పరాయివాళ్లు కాదు. అదే చికిత్స చేయించుకుని బిడ్డను ఎత్తుకున్న తోటికోడలో, ఆఫీసులో పక్క సీటు అక్కో చెప్తారు. ప్రేమతోనే చెప్తారు కాబట్టి కాదనడం కష్టం. కానీ కాదనాలి.

ప్రతి నెలా అండాశయంలో గుడ్లుండే చిన్న చిన్న సంచులు, ఫాలికల్స్, గుంపుగా బయల్దేరతాయి. వాటిని పెంచే హార్మోను ఎఫ్‌ఎస్‌హెచ్ ఒంట్లో తగ్గుతూ వచ్చేసరికి ఒక్కటే నిలబడి పెరుగుతుంది, మిగతావి కరిగిపోతాయి. నెలసరి రెండో రోజో మూడో రోజో మొదలుపెట్టి ఎనిమిది నుంచి పన్నెండు రోజుల దాకా ఇచ్చే ఇంజెక్షన్లు ఆ ఎఫ్‌ఎస్‌హెచ్‌ను పడిపోనివ్వవు. దాంతో కరిగిపోవాల్సినవి కూడా పెరుగుతాయి. ఆ గుంపులో లేనివాటిని మాత్రం ఏ సూదీ పుట్టించలేదు. అందుకే ముందు స్కాన్‌లో లెక్కపెడతారు, గుడ్ల నిల్వ అంచనాకి ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష చేయిస్తారు. అండాలు తక్కువున్న ఆడవాళ్లకి రోజుకి 300 యూనిట్లు దాటించినా ఫలితం మెరుగుపడదు, బిల్లు మాత్రం పెరుగుతుంది. అదే పీసీఓఎస్ ఉన్న సన్నటి పాతికేళ్ల అమ్మాయికి అంత మందు పడితే ఆస్పత్రిలో చేరాల్సి రావచ్చు. "అక్కకి 300 రాశారు, నాకు 150 ఏంటి?" అని బాధపడకండి. ఆ అంకె మీ స్కాన్ చూసి మీకోసం వేసింది. వీర్యాన్ని గర్భాశయంలోకి ఎక్కించే ఐయూఐకైతే ఇంకా జాగ్రత్త. ఒకటో రెండో పెరగాల్సిన చోట నాలుగైదు పెరిగితే కవలలు, ముగ్గురు పడే ప్రమాదం ఉందని డాక్టర్లు ఆ నెలకి ఆపేస్తారు. ఆపితే కోపం తెచ్చుకోకండి.

"ఉన్న గుడ్లన్నీ ఇప్పుడే వాడేస్తే నలభై రాకముందే ముట్లు ఆగిపోతాయి" అని భయపెట్టేవాళ్లూ ఉంటారు. పైన చెప్పిందే దీనికీ జవాబు. ఇంజెక్షన్ పెంచేది ఈ నెల ఎలాగూ కరిగిపోయే వాటిని. వచ్చే ఏడాదివి, ఆపై ఏడాదివి ఎక్కడివక్కడే ఉంటాయి.

"ఇవి కొత్త మందులు, ముందు ముందు ఏమవుతుందో ఎవరికి తెలుసు" అనే మాట కూడా నిజం కాదు. ముట్లు ఆగిన స్త్రీల మూత్రంలో ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువగా ఉంటుందని తెలిసి, ఇటలీ కాన్వెంట్లలోని పెద్ద వయసు సన్యాసినుల నుంచి మూత్రం సేకరించి మొదట్లో మందు తీశారు. బ్రూనో లూనెన్‌ఫెల్డ్ అనే వైద్యుడు దానితో చికిత్స చేస్తే ఇజ్రాయెల్‌లో మొదటి బిడ్డ 1962లో పుట్టింది. మన దేశానికీ ఇది కొత్త కాదు. కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ ఈ హార్మోన్ ఇంజెక్షన్లతోనే అండాలు పెంచి, 1978 అక్టోబరు 3న ఐవీఎఫ్ బిడ్డ పుట్టడానికి కారణమయ్యారు. ఇంగ్లండులో అంతకు రెండు నెలల ముందు పుట్టిన ప్రపంచపు మొదటి ఐవీఎఫ్ బిడ్డ లూయీస్ బ్రౌన్ విషయంలో ఇంజెక్షన్లు వాడలేదు, సహజంగా పెరిగిన ఒక్క అండమే. ముఖర్జీ మాట ఆనాడు ప్రభుత్వం నమ్మలేదు. 1981లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. ఈ సూదుల చరిత్రలో మన దేశపు మనిషి పడ్డ కష్టం ఇంత ఉంది, కొత్తవని కొట్టిపారేయకండి.

ఇక మందు ఇంటికొచ్చాక మొదలయ్యే సలహాలు. "ఖరీదైన మందు, ఫ్రీజర్‌లో పెట్టు, భద్రంగా ఉంటుంది." వద్దు. గడ్డకడితే ఆ మందు పనికిరాదు, కరిగించినా పనికిరాదు. చాలా పెన్నులకి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. ఫ్రిజ్ మధ్య అరలో, వెనక గోడకి తగలకుండా పెట్టండి. కొన్నిటి పెట్టె మీద "బయట ఉంచవచ్చు" అని ఉంటుంది, పక్కనే "25 డిగ్రీల లోపు" అనీ ఉంటుంది. మే నెలలో విజయవాడలో, రామగుండంలో 25 డిగ్రీల గది ఎవరికుంది? హైదరాబాదులో మందు కొని ఖమ్మం బస్సెక్కేవాళ్లు ఐస్‌ప్యాక్‌కి మందుని నేరుగా ఆనించకండి, మధ్యలో తువ్వాలు చుట్టండి. ఎండలో ఆపిన కారులో మందు సంచి వదిలి టిఫిన్‌కి దిగకండి.

హెచ్‌ఎంజీ అనే ఇంజెక్షన్ రాసినవాళ్లకి పెట్టెలో రెండు వస్తువులుంటాయి, తెల్లటి పొడి అడుగున అంటుకున్న బుల్లి సీసా, నీళ్లలాంటి ద్రావణం. "టానిక్ సీసాలా గట్టిగా ఊపు, బాగా కలుస్తుంది" అంటారు. ఊపితే నురగ పడుతుంది, నురగలో ఉన్న మందు సిరంజిలోకి రాదు. ద్రావణాన్ని సీసా గోడ వెంబడి మెల్లగా వదిలి, రెండు అరచేతుల మధ్య సీసాను దొర్లించండి, కాసేపట్లో తేటగా అయిపోతుంది. అడుగున నలకలు కనిపిస్తే వాడకండి. మందు లాగడానికి వాడిన లావు సూది తీసేసి సన్న సూది పెట్టండి. స్పిరిట్ దూది రాశాక తడి ఆరేదాకా ఆగండి, మంట తక్కువగా ఉంటుంది. బొడ్డుకి రెండు అంగుళాలు ఎడంగా చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి, నిటారుగా గుచ్చి, మెల్లగా నొక్కి, పది లెక్కపెట్టి తీయండి. దూదితో అదమండి, రుద్దకండి. ఇవాళ ఎడమ వైపైతే రేపు కుడి వైపు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే సలహా వేరే ఉంది. "షుగరు వాళ్ల సిరంజి ఏదైనా ఒకటే, మెడికల్ షాపులో ఏది ఇస్తే అది తీసుకో." ఒకటి కాదు. ఎర్ర మూత ఇన్సులిన్ సిరంజి మిల్లీలీటరుకి 40 లెక్కన గీతలు కొట్టింది, నారింజ మూతది 100 లెక్కన. నర్సమ్మ నారింజ మూతది చూపించి "20 గీత దాకా లాగండి" అంటే అది 0.2 మిల్లీలీటర్లు. ఇంటికెళ్లి ఎర్ర మూతదాంట్లో 20 దాకా లాగితే 0.5 అవుతుంది, రెండున్నర రెట్లు మందు. పైగా సిరంజి మీది యూనిట్లు ఇన్సులిన్‌వి, మీ మందు పెట్టె మీది 75, 150 యూనిట్లతో వాటికి ఏ సంబంధమూ లేదు. అందుకే సిరంజి కూడా క్లినిక్ నుంచే తెచ్చుకోండి. మొదటి రోజు ఎంత లాగాలో సిరంజి మీద పెన్నుతో గీత పెట్టించుకుని, దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. నర్సమ్మ విసుక్కున్నా ఫర్వాలేదు.

"ఊళ్లో ఆర్‌ఎంపీ ఉన్నాడుగా, ఆయన చేత వేయించుకో" అనేది పూర్తిగా తప్పు సలహా కాదు. ఆయన చెయ్యి మంచిదే కావచ్చు. కానీ అలవాటు కొద్దీ పొట్ట చర్మం కింద వేయాల్సింది తుంటి కండలో వేసేస్తాడు. ఏది చర్మం కింద, ఏది కండలోకి అనేది క్లినిక్‌లో తెలుగులో రాయించుకుని ఆయన చేతికివ్వండి. పిండం పెట్టే రోజుల్లో రాసే నూనె ప్రొజెస్టెరాన్ కండలోకే వెళ్లాలి. ఆ నూనె కొన్నిటిలో వేరుశనగదో నువ్వులదో ఉంటుంది, అవి పడనివాళ్లు ముందే చెప్పాలి.

ఐదో ఆరో రోజు నుంచి సెట్రోరెలిక్స్ అనే రెండో సూది కలుస్తుంది. "రెండూ హార్మోన్లేగా, ఒకటి మానెయ్" అనే మాట వినకండి. మొదటిది అండాలను పెంచుతుంది, రెండోది అవి ముందే విడుదలైపోకుండా ఆపుతుంది. అది మానేస్తే ఇన్నాళ్లు పెంచినవి చేతికి రాకుండా పోవచ్చు. ఒక డోసు మరిచిపోతే "రేపు రెండూ కలిపి వేసేసుకో" అంటారు. అదీ వద్దు, గుర్తొచ్చిన నిమిషంలో క్లినిక్‌కి ఫోను చేయండి.

ఫాలికల్స్ 17, 18 మిల్లీమీటర్లకి వచ్చాక అండాలను పక్వానికి తెచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ రాస్తారు. దానికి గడియారం కావాలి. రాత్రి తొమ్మిదిన్నరకి వేస్తే అండాలు తీసేది ఎల్లుండి ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో, అంటే ముప్పై ఆరు గంటలకి. తొందరగా తీస్తే అండం పక్వానికి రాదు, ఆలస్యమైతే విడుదలైపోతుంది. "పది గంటలకి వేసినా ఏం కాదు, డాక్టరుకి తొమ్మిదిన్నర అనే చెప్పు" అని అత్తగారో భర్తో అంటే దయచేసి వినకండి. ఆలస్యమైందని చెప్తే థియేటర్ టైము జరుపుతారు. చెప్పకపోతే పాత టైముకే తీస్తారు. సగం మందు కారిపోయినా, సీసా పగిలినా, అర్ధరాత్రైనా చెప్పండి. తిట్లకి భయపడి దాచిన అబద్ధం ఆ నెలంతా పడ్డ కష్టాన్ని పోగొట్టగలదు.

ట్రిగ్గర్ హెచ్‌సీజీ అయితే పది, పద్నాలుగు రోజుల దాకా అది ఒంట్లో ఉండొచ్చు. గర్భం కిట్ పట్టేదీ దాన్నే. కాబట్టి ఆలోపు ఇంట్లో కిట్‌తో చూసి రెండు గీతలొచ్చాయని స్వీట్లు పంచమనే ఆడపడుచులకి ఈ మాట ముందే చెప్పి పెట్టండి. రక్తపరీక్ష చెప్పిన రోజునే చేయించుకోండి.

వేడి, చలవల గురించి ఎక్కువ చెప్పను. ఇంట్లో తినేది తినండి. థైరాయిడ్ మాత్ర ఆపకండి. నొప్పికి పారాసిటమాల్ చాలు, డాక్టరు చెప్పకుండా బ్రూఫెన్ జోలికి వెళ్లకండి. నడవండి, గెంతకండి. ఉబ్బిన అండాశయం మెలి తిరగొచ్చు. ఒక పక్కనే ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకండి. పిండం పెట్టాక రెండు వారాలు మంచం దిగొద్దనే మాటకు ఆధారం లేదు. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి క్లినిక్‌కే ఇవ్వండి. చెత్తబుట్టలో వేస్తే పొద్దున్నే చెత్త బండి నడిపే మనిషి చేతికి గుచ్చుకుంటాయి.

చివరిది, ప్రాణం మీదికి తెచ్చేది. "పొట్ట ఉబ్బితే మంచిదే, గుడ్లు బాగా పెరుగుతున్నాయి. మజ్జిగ తాగి పడుకో." కొంచెం ఉబ్బడం మూడో వంతు మందిలో ఉంటుంది, తగ్గిపోతుంది. కానీ నూటికి ఒకరి చొప్పున అది ముదురుతుంది. రక్తనాళాల్లోంచి నీరు కడుపులోకి, కొందరికి ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. దీన్ని ఓహెచ్‌ఎస్‌ఎస్ అంటారు. ట్రిగ్గర్ వేసిన వారం లోపు రావచ్చు, గర్భం నిలిస్తే రెండో వారంలోనూ రావచ్చు. పీసీఓఎస్ ఉన్నవాళ్లకి, ఏఎంహెచ్ ఎక్కువున్నవాళ్లకి ప్రమాదం ఎక్కువ. వాళ్లకి ట్రిగ్గర్ మందు మార్చి, పిండాలను ఫ్రీజ్ చేసి తర్వాతి నెలలో పెడతామంటే ఒప్పుకోండి, డబ్బు కోసం అనుకోకండి. ఇంట్లో రోజూ పొద్దున ఒకే త్రాసు మీద బరువు చూసి రాసుకోండి. ఒక్క రోజులో కిలో దాటి పెరిగినా, మూత్రం తగ్గినా, వాంతులు ఆగకపోయినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా వెంటనే బయల్దేరండి. మీ క్లినిక్ దూరమైతే దగ్గరున్న పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. అక్కడి డ్యూటీ డాక్టరుకి గ్యాస్ నొప్పి అని చెప్పకండి. "ఐవీఎఫ్ ఇంజెక్షన్లు వాడుతున్నాను, ట్రిగ్గర్ ఫలానా రోజు వేశారు, ఇదిగో మందుల చీటీ" అని చెప్పండి.