మేడమీది గది, మేడారం బంగారం, మధ్యలో సకినాలు

కోటలో పుట్టినవాళ్లకు కొంత పొగరు ఉంటుంది. అందరి ఇళ్లకూ ప్రహరీగోడ ఉంటే మాకు రాతికోట, దాని చుట్టూ కందకం, ఆ అవతల మట్టికోట. ఇంత బందోబస్తు ఉన్నా సంక్రాంతి ముందు వచ్చే శని, ఆదివారాల్లో ఖిలా వరంగల్ ఇళ్లను చుట్టాల నుంచి ఏ బురుజూ కాపాడలేదు. 1323లో ఢిల్లీ సేనతో వచ్చిన ఉలుఘ్ ఖాన్ నెలల తరబడి ముట్టడి వేస్తే గానీ లోపలికి రాలేకపోయాడు. తూర్పుకోటలో ఉండే మా మేనత్తకు అంత శ్రమ లేదు. పొద్దున్నే రెండు స్టీలు డబ్బాలు పట్టుకుని నేరుగా వంటింట్లో తేలుతుంది. డబ్బాలు వచ్చేటప్పుడు ఖాళీ. పోయేటప్పుడు మూత పట్టదు.

ఈ ఏడు రెండో శనివారం కలిసొచ్చింది. సంక్రాంతి పిండివంట సకినాల కోసం రాత్రే నానబోసిన బియ్యాన్ని వడగట్టి, ఆ తడి బియ్యం గిర్నీకి మోసే ఉద్యోగం నాకిచ్చారు. పండగ వారంలో గిర్నీ దగ్గర లైను అంటే చిన్నపాటి శాసనసభే. అక్కడ ఈసారి చర్చ మామునూరు విమానాశ్రయం. నిజాం కాలం నాటి ఆ ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ పచ్చజెండా ఊపినప్పటి నుంచి, ఆ లైనులో గుంట భూమి ధర తెలియనివాడు లేడు. గుంట భూమి ఉన్నవాడూ లేడు. నా ముందున్న పెద్దాయన విమానం దిగి ఎటు తిరిగితే కోట వస్తుందో గాలిలో గీసి చూపించాడు. ఆయన చెయ్యి తగిలి నా బియ్యంలో సగం ఒలికేదే.

పిండి ఇంటికి చేరాక నా పదవీకాలం ముగిసింది. నువ్వులు, వాము, ఉప్పు వేసి తడిపిన పిండితో అమ్మ ముందు గౌరమ్మను చేసి పసుపు, కుంకుమ పెట్టింది. తెల్లబట్ట పరిచారు. అసలు యుద్ధం అక్కడ మొదలైంది. తూర్పుకోట మేనత్త సకినానికి మూడు చుట్లే అంటుంది. పడమరకోట చిన్నమ్మ నాలుగు చుట్లు లేనిది సకినమే కాదంటుంది. మేం ఉండేది మధ్యకోట. కనుక మా అమ్మ చేతిలో ఇద్దరికీ నొప్పి కలగకుండా మూడున్నర చుట్ల సకినాలు పుడుతుంటాయి.

సకినాలు చుట్టేటప్పుడు చేతులు ఖాళీ ఉండవు, నోళ్లు ఖాళీగా ఉంటాయి. అందుకే మా ఇంటి ప్రణాళికలన్నీ ఆ బట్ట చుట్టూనే తయారవుతాయి. ఢిల్లీలో ప్రణాళికా సంఘం పోయి 2015లో నీతి ఆయోగ్ వచ్చింది గానీ, మా సంఘానికి మాత్రం అవే సభ్యులు, అదే ఎజెండా. మొదటి అంశం మేడమీది గది.

ఆ గది తాత అనుకున్నది. తర్వాత నాన్న అనుకున్నాడు. ఇప్పుడు నేను అనుకుంటున్నాను. కానీ మా కోటలాంటి రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం కూడదు, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి అని 2010లో సవరించిన చట్టం చెబుతోంది. చట్టం తప్పేమీ లేదు. రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కిన మా కోట కళాతోరణం పక్కన మా నల్లటి నీళ్ల ట్యాంకు తల ఎత్తితే ఏం బాగుంటుంది?

"ఎందుకురా ఊకె ఫికరు?" అంది మేనత్త, చుట్టు ఆపకుండా. "ఈ రాతికోట గూడ ఒక్కరితోని అయిందా? గణపతిదేవుడు షురూ జేసిండు, రుద్రమ్మ ఎత్తు పెంచింది, ప్రతాపరుద్రుడు పూర్తి జేసిండు. ముగ్గురి కాలం పట్టింది."

"వాళ్లకు అనుమతి ఇచ్చేటోళ్లు గూడ వాళ్లే కదత్తా!"

సభ ఆ అంశాన్ని ఏకగ్రీవంగా వచ్చే ఏటికి వాయిదా వేసింది.

ఆదివారం వాడలో ముగ్గుల పోటీ. పట్నం నుంచి సాయానికి వచ్చిన తమ్ముడూ మరదలూ శనివారమంతా తోరణాల దగ్గర ఫొటోలు దిగి, నూనె మూకుడు దించే వేళకు సరిగ్గా ఇల్లు చేరారు. ఆ బాకీ తీర్చడానికి మరదలు మా ఇంటి తరఫున పోటీకి దిగింది. మా దగ్గర ఎవరి చేతికి ముగ్గుపిండి ఇచ్చినా కళాతోరణమే వేస్తారు. గల్లీ పొడవునా తోరణాలే. కోటలోని నిజమైన గుడికి నాలుగు తోరణాలు మిగిలితే ముగ్గులో లెక్క తేలలేదు. చివరికి బహుమతి ప్రెషర్ కుక్కర్ నెమలి వేసిన అమ్మాయికి వెళ్లింది. న్యాయనిర్ణేతలకు పాపం ఆ ఒక్క ముగ్గే వేరుగా కనిపించినట్టుంది.

సాయంత్రం రెండో అంశం చర్చకు వచ్చింది. అది మేడారం సమ్మక్క జాతర. జాతర 2026 జనవరి 28 నుంచి 31 దాకా. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి సేనతో సమ్మక్క తల్లి పోరాడిందని కదా కథ. ఆ రాజు కోటలోనే కాపురముండి, ఆయనతో కొట్లాడిన తల్లికి మొక్కడానికి వాడలో అందరికన్నా ముందు బండి మాట్లాడుకునేది మేమే. మా బావ నిరుడు కొడుక్కి కొలువు వస్తే నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కాడు. కొలువు వచ్చింది. మేడారంలో బంగారం అంటే బెల్లం. త్రాసులో ఒక పక్క మనిషి, ఇంకో పక్క బెల్లం.

మొక్కిన నాటికి బావ బక్కగా ఉన్నాడు. కొడుక్కి కొలువొచ్చిన సంతోషం ఒంట పట్టింది. ఇప్పుడేమో చేతికందే దూరంలో సకినాల గంప ఉంది.

"ఇగో, ఇంకొక్కటి ముట్టినవంటే ఊకోను" అని అక్క గంప వెనక్కి లాగింది. "ఆడ బెల్లం పిరం. నువ్వు తినేది సకినం గాదు, నా పర్సు."

"బామ్మర్దీ, జర నువ్వైనా చెప్పు. ముందుగల తూగి తర్వాత తింటే?"

"పండుగ ముందే, జాతర వెనుక బావా!"

చిన్నమ్మ ఒక ఉపాయం చెప్పింది. నాలుగు చుట్లవి వద్దు, మూడు చుట్లవి తినమంది. తన నోటితో మూడు చుట్ల సకినాన్ని ఒప్పుకున్న ఆ క్షణాన్ని మేనత్త చాలా సేపు ఆస్వాదించింది. బావ మూడు చుట్లవే తిన్నాడు, అయితే రెండేసి.

ఇంతసేపూ మాట్లాడని అమ్మ అప్పుడు నోరు విప్పింది.

"గంతగనం తండ్లాడుడెందుకు? మేడమీది గదిని గూడ సమ్మక్క తల్లికే మొక్కుకోండ్రి. 2028 జాతర దాకా టైముంది."

"ఎంత బంగారం మొక్కుదామమ్మా?" అన్నాను.

"గది నిలువెత్తు."

గదంత ఎత్తు బెల్లమంటే లారీ మాట్లాడాలి. అయినా ఒక్కరూ కాదనలేదు. అనుమతి రాదన్న ధైర్యంతో అందరం కలిసి అప్పటికప్పుడే మొక్కేశాం.