ఉగ్రస్తంభము ఆత్మకథ

నల్లమల కొండలలో, ఎగువ అహోబిలమునకు పైన, జ్వాలా నరసింహుని సన్నిధిని దాటి ఱాళ్ళమీదుగా ఎగబ్రాకి వచ్చిన భక్తులు ఉక్కుస్తంభమనియు ఉగ్రస్తంభమనియు పేర్కొని మ్రొక్కెడి చీలిన శిలాశిఖరమును నేను. హిరణ్యకశిపుడు మోదిన కంబము నేనేయని ఈ సీమవారి విశ్వాసము. 14వ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ నృసింహపురాణమున విస్తరించిన ఆ కథలో నాకు మిక్కిలి ప్రియమైనది తండ్రికొడుకుల వాదము. "ఎక్కడను లే"డని తండ్రి, "ఎక్కడనైనను గల"డని కొడుకు. ప్రశ్నపద మిరువురకు నొక్కటియే. దాని చివర చేరిన ప్రత్యయములే వేఱు. ఆ భేదమునకే నేను చీలితిని.

ఇటీవల ఆళ్ళగడ్డవైపునుండి అన్నదమ్ములిద్దరు నాయొద్దకు వచ్చిరి. ఉద్యోగార్థము జపాను కేగనున్న అన్న ఆ భాషను నేర్చుచుండెను. ఆయాసము తీర్చుకొనుచు తమ్ముడు, "అన్నా, ఈడ ఎవురూ లేరే! దీన్ని వాళ్ళ మాటలో ఎట్లంటారు?" అని యడిగెను.

"దరె మొ ఇనై."

నేను చెవియొగ్గితిని. "దరె" యనగా ఎవరు. దానికి "క" చేరిన ఎవరో యగును. "మొ" చేరి క్రియ వ్యతిరేకమైనచో ఎవరును. "దెమొ" చేరిన ఎవరైనను. మన "వచ్చునో రాదో" యను సంశయమును వారు "కురు క కొనై క" యందురు; మన "నేనూ" లోని దీర్ఘము వారి "వతషి మొ" లోని "మొ". అనగా సంశయమునకును సముచ్చయమునకును వాడెడి ప్రత్యయములనే యీ రెండు భాషలును ప్రశ్నపదములకు తగిలించి అనిశ్చయమును, నిషేధమును సాధించుకొన్నవి! 20వ శతాబ్దమున సుసుము ఓనో యను జపాను పండితుడు తమ భాషకును తమిళమునకును బాంధవ్యము కలదని వాదింపగా భాషాశాస్త్రజ్ఞులలో అధికు లంగీకరింపలేదు. చుట్టఱికము లేకయే యింత పోలిక యుండుట నాకు మఱింత అపురూపము.

తమ్ముడు ఉత్సాహముతో, "అట్లయితే ఎవరైనా ఉన్నారా అంటే దరె దెమొ గదన్నా?" అనెను. "కాదురా, అడిగేటప్పుడు దరె క ఇమసు క అనాల. ఎవరైనా చేయొచ్చు అంటేనే దరె దెమొ," అని అన్న దిద్దెను. తెలుగువాడు మొదట తడబడు చోటిది. రెండవది విభక్తి స్థానము. ఎవరికో, ఎవరికీ, ఎవరికైనా యన్న మూటియందును మన "కి" లోపలనే యుండును. జపానునందు "దరె ని మొ", "దరె ని దెమొ" యనునవి మనత్రోవనే నడచినను, ఎవరికో యనునది "దరె క ని" యగును, విభక్తి వెలుపలికి వచ్చును. కర్తకు "గ", కర్మకు "ఒ" చేరెడి చోట "మొ" వచ్చినచో అవి తొలగును: "నని మొ తబెనై", ఏమియు తినడు.

ఇక నా కథలోని ఆ తండ్రి మాట వారి భాషలో "దొకొ ని మొ ఇనై". ఆ బాలుని మాట "దొకొ ని దెమొ ఇరు". దిగబోవుచు తమ్ముడు "ఎప్పుడూ" నుగూర్చి యడిగెను. "ఇత్సు మొ. ఇది మాత్రం లేదు, రాదు అనకుండా గూడా వస్తాది," అని అన్న చెప్పెను. తెలుగునందును అంతియే: ఎప్పుడూ రాడు, ఎప్పుడూ వచ్చును.