రెండున్నర డిగ్రీల హిమాలయం

కార్తీక మాసం వెళ్లీ వెళ్లకముందే కావేరిపట్టణంలో హిమాలయాలు దిగుతాయి. బట్టల కొట్టు ముందు వేలాడే జర్కిన్‌లకు 'మైనస్ 20 డిగ్రీలు' అని చీటీలుంటాయి. సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున్న ఈ ఊళ్లో డిసెంబరు తెల్లవారుజామున కూడా నీళ్లు గడ్డకట్టేది ఫ్రిజ్‌లోనే. అయినా కొనేవారి భయం కొనేవారిది. పక్క నుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మొదలయ్యేది శ్రీనగర్‌లో! చలి ఏ లారీ ఎక్కి వస్తుందో ఎవరికి తెలుసు?

జర్కిన్ నిజంగా కావలసింది ఇక్కడి నుంచి హోసూరు కంపెనీల్లో పొద్దుటి షిఫ్టుకు బైకు మీద పోయే కుర్రాళ్లకు. హోసూరు ఎత్తు దాదాపు 900 మీటర్లు. కిలోమీటరు పైకెక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందంటారు కాబట్టి, ఈ దారిలో ఎత్తు వల్ల తగ్గేది రెండున్నర డిగ్రీలు. మిగతా వణుకు బండి వేగానిది. ఆ గాలి దూరే సందులు మూడే: మెడ, మణికట్టు, నడుము. కొట్లో ఆ మూడూ తప్ప అన్నీ చూస్తారు.

వదులైతే, "ఉతికితే సరిపోతుందన్నా!" బిగుతైతే, "తొడగంగా తొడగంగా సాగుతుందన్నా!" పాలియెస్టరు ముడుచుకోదు, సాగదు. సర్దుకునేది కొన్నవాడే.

అద్దం ముందు అతగాడు ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాగి, ఎన్‌సీసీ క్యాడెట్‌లా చేతులు దించి నిలబడతాడు. జర్కిన్ అదిరిపోతుంది, సెల్ఫీ వస్తుంది, డబ్బులు పోతాయి. మర్నాడు హ్యాండిల్ పట్టుకోగానే జర్కిన్ చేతులు మోచేతుల వైపు పాకుతాయి, వెనక అంచు బెల్టు వదిలి పైకి లేస్తుంది.

చూడాల్సింది కొట్లోనే. రోజూ వేసుకునే చొక్కా, స్వెట్టరు మీద తొడిగి, జిప్పు మెడదాకా లాగి, స్టూలు మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు రెండు చేతులూ చాపాలి. అప్పటికీ చేతి అంచు మణికట్టు ఎముకను కప్పాలి, వెనక భాగం బెల్టు దిగువనే ఉండాలి. భుజం కుట్టు భుజం ఎముక చివర ఆగాలి. కిందికి జారితే అది అన్నగారి సైజు. వెచ్చదనమిచ్చేది లోపల కదలకుండా నిలిచే గాలి. మరీ బిగిస్తే దానికి చోటుండదు, మరీ వదిలేస్తే అది నిలవదు.

హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878 డిసెంబరులో పుట్టిన రాజాజీ, 1948లో గవర్నర్ జనరల్ అయి ఢిల్లీ వెళ్లినా పంచెకట్టు వదల్లేదు. ఈనాటి ఆయన ఊరివాళ్లకు బస్టాండు దాకా వెళ్లి టీ తాగాలన్నా బొచ్చు టోపీ జర్కిన్ కావాలి. ఆ టోపీ హెల్మెట్ కింద పట్టదు, మీదికి రాదు.

పదింటికల్లా ఎండ చుర్రుమంటుంది. జర్కిన్ విప్పి, రెండు చేతులూ ముడివేసి నడుముకు చుట్టుకుంటారు. అప్పుడు మాత్రం నడుము దగ్గర గాలి చొరబడదు.