నా ఒంట్లో ఒకే ఒక్క మేకు

చూసినవాళ్లంతా నన్ను అమెరికా కుర్చీ అంటారు. ఊగే కుర్చీ పద్ధతి అక్కడిదే, కాదనను. 18వ శతాబ్దంలో, ఇంకా ఇంగ్లీషువాళ్ల ఏలుబడి ఉన్నప్పుడే, మామూలు కుర్చీ కాళ్లకు వంపు చెక్కలు తగిలించుకుని ఊగారు వాళ్లు. నేను పుట్టింది మాత్రం ఒంగోల్లో.

1866లో మిషనరీ క్లౌ దొర కాపురం పెట్టాక ఒంగోలుకు అమెరికన్ బాప్టిస్టుల రాకపోకలు పెరిగాయి. 1876–78 ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకం కొంత కాంట్రాక్టు తీసుకుని, పస్తులున్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ కాలవ మట్టి మోసిన వడ్రంగి ఒకడు, వానలు పడ్డాక మళ్లీ ఉలి పట్టి నన్ను చేశాడు. ఎదురుగా పెట్టుకున్నది ఓ దొరసాని ఓడలో తెచ్చుకున్న కుర్చీని.

ఆ పాత అమెరికా కుర్చీల్లో ఓ కిటుకుంది. కాళ్లు పచ్చి కర్రతో, అడ్డకర్రలు బాగా ఎండినవాటితో చేసేవారు. కాలు ఆరేకొద్దీ బెజ్జం బిగుసుకుని అడ్డకర్రను పట్టేస్తుంది, బంకతో పనిలేదు. మావాడు ఆ దారిన పోలేదు. ఎండిన రంగూన్ టేకు తెచ్చి, కుసి చెక్కి బెజ్జంలో దించి, అడ్డంగా వెదురు చీల కొట్టాడు. రోళ్లు పగిలే ఎండల్లో గాలాడాలని కూర్చునేచోట పేము అల్లించాడు. ఇనుప మేకు ఒక్కటి లేదు. ఆ గర్వం నాకిప్పటికీ ఉంది.

చేతులు మారి మారి గుంటూరులో ఓ మిర్చి వ్యాపారి గోడౌనుకు చేరాను. పేము తెగితే ప్లాస్టిక్ వైరు అల్లారు. టేకు రంగు ముసలిగా ఉందని ఆకుపచ్చ ఎనామిల్ పూశారు. ఊగుతుంటే గుమాస్తాకు నిద్రొస్తోందని కింద ఇటుకలు పెట్టారు. ఊగే కుర్చీకి ఇటుకలు! సీజనులో మిర్చి టిక్కీలు నామీదే పడేసేవారు. కారం నా అతుకుల్లోకి దిగింది. నన్ను కదిపినవాడు తుమ్మక తప్పదు, నా కక్ష అంతవరకే. ఓసారి నా చెయ్యి వదులైతే, చీల మార్చే ఓపిక లేక ఓ కుర్రాడు మూడంగుళాల మేకు దిగ్గొట్టాడు. టేకు నిలువునా చీలింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి చినిగిన గోతాల వెనక, ఎలుకలకు మంచంగా ఉన్నాను.

మొన్న హైదరాబాదు నుంచి పాత సామాను కొనే అబ్బాయి వచ్చాడు. కత్తితో ఎనామిల్ గీకి, లోపలి కర్ర చూసి, సంతోషం కనపడనీయకుండా తుమ్మాడు.

"బాబాయిగారూ, ఏనాటిదండీ ఇది?"

"అమెరికా దొరలది నాయనా. ఓడలో వచ్చింది."

"మరి ఈ మేకు?"

మా వ్యాపారి తడుముకోలేదు. "అదీ అమెరికాదే!"