తోలుబైండు పద్యానికి టీకాతాత్పర్యం

తోలు బైండు కట్టి దూరదేశమునుండి
వచ్చెఁ బొత్తమొకటి వానలందు
చదువఁబోడు వాఁడు, జాగ్రత్తగా దాచు
బూజు మాత్రమెల్లఁ బూర్తి చేయు

టీక: తోలు బైండు = మేకతోలు అట్ట; కట్టి = పెళ్లికొడుకు పట్టుపంచె కట్టినట్టు కట్టి (కర్త పుస్తకమే); దూరదేశము = వేల్సు; వచ్చెఁ = 2019 బడ్జెట్టు దిగుమతి పుస్తకాలపై వేసిన 5 శాతం సుంకం చెల్లించుకొని చేరెను; పొత్తము = నంబరు వేసిన ప్రతి; వానలందు = ఆషాఢం మొదలు కార్తీకం దాకా; వాఁడు = అమలాపురంలో ఒక పెద్దమనిషి (ఊరంతా గారు అనే పిలుస్తుంది, ఇక్కడ గణం చాలక గారు ఎగిరిపోయింది); జాగ్రత్తగా = మనవలకు అందకుండా; దాచు = ఇనప బీరువాలో పెట్టును; బూజు = కోనసీమవారికి చెప్పనక్కర్లేదు; ఎల్లఁ = అట్ట నుంచి ఆఖరి పుట దాకా; పూర్తి చేయు = ముగించును.

తాత్పర్యం: కొన్నవారు చదవరు. ఆ పని బూజు మీద పడుతుంది.

విశేషాలు: దూరదేశమని కవి తేల్చేశాడు గాని, అంత తేలిగ్గా వదలదగ్గది కాదు. బొగ్గు గనుల ఆస్తికి వారసులైన గ్వెండొలిన్, మార్గరెట్ డేవిస్ అనే అక్కచెల్లెళ్లు 1922లో గ్రెగినాగ్ అనే తమ బంగళాలో అచ్చుకూటం పెట్టారు. 1940లో ఆగిపోయేలోగా వేసినవి 42 పుస్తకాలే. ఒక్కోదానికి కొద్ది ప్రతులు మాత్రం జార్జి ఫిషర్ చేతి ప్రత్యేక బైండింగుకు నోచుకునేవి. జాన్ మోరిస్-జోన్స్ పారశీకం నుంచి వెల్షులోకి తెచ్చిన ఉమర్ ఖయ్యాం 1928లో అచ్చయింది అక్కడే. మన పెద్దమనిషికి వెల్షు రాదు. ఖయ్యాం ఏమన్నాడో కావలసినప్పుడు దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’ తీస్తారు. అదీ పారశీకం నుంచి నేరుగా వచ్చిందే. అట్ట ఊడి, రబ్బరుబ్యాండుతో బతుకుతోంది. దానికి బూజు పట్టదు, రోజూ చెయ్యి తగులుతుంది గనక.

లండన్ గోల్డెన్ కాకరెల్ ప్రెస్ వారు ఆడవాళ్లను తిట్టిపోసే పాత వెల్షు పద్యాన్ని గ్విన్ విలియమ్స్ అనువాదంలో 1953లో వేశారు. 1960లో ఆడవాళ్ల తరఫున వాదించేదాన్నీ ఆయన అనువాదంలోనే వేశారు. పెద్దమనిషి మొదటిదే కొన్నారు. ఏమిటండీ ఆ పుస్తకం అని ఇంట్లో అడిగితే, పాత కవిత్వం అంటారు.

కవి హృదయమంతా నాలుగో పాదంలో ఉంది. మన బైండరు మైదా గంజిలో మైలుతుత్తం కలుపుతాడు, పురుగు దూరం నుంచే దణ్ణం పెట్టి పోతుంది. పరదేశపు జిగురు రుచి ఏమిటో పురుగే చెప్పాలి. గోదావరి గాలికి తోలు చెమర్చి, దసరా నాటికి దాని మీద తెల్లటి చుక్కలు లేస్తాయి. గుడ్డతో తుడిస్తే ఆ పొడి బంగారు అక్షరాల గాళ్లలోకి దిగుతుంది. ఎండలో పెడితే తోలు బీటలు తీస్తుంది. కలరా ఉండలు వేస్తే తోలువాసన చస్తుందని బెంగ. అందుకని మందుసీసాల్లోని సిలికాజెల్ పొట్లాలు ఏరి ఏరి పుస్తకాల సందుల్లో పెడుతుంటారు. బీపీ మాత్రలు ఒక పూట మరిచినా, పొట్లం మాత్రం మరవరు.

పాఠాంతరం: రాజోలు ప్రతిలో ‘పురుగు మాత్రమెల్లఁ’ అని ఉంది. గణం సరిపోయింది, యతీ కుదిరింది. ఏది సాధువో బీరువా తెరిచి, పుస్తకం చూసి తేల్చాలి. తలుపు తీస్తే తేమ పోతుందటండీ లోపలికి, సంక్రాంతి దాకా ఆగమన్నారు.