మా ఇంటి గగ్గయ్య

మా పశువుల కొట్టంలో చివరి గేదెను అమ్మేసి చాలా ఏళ్ళయినా గుంజకి ఒక మెటాడోర్ వ్యాను కట్టేసి ఉండేది. మాట వరసకి అనడం లేదు. 2008లో రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయినప్పుడు నాన్న దాన్ని కొట్టంలోకి తోలి, హ్యాండ్ బ్రేకు పట్టదు కాబట్టి గేదె గొలుసు తెచ్చి బంపరుకి కట్టాడు. పక్కింటి పిల్లలు వచ్చి దానికి గడ్డి కూడా వేసేవాళ్ళు.

1988లో ఎడ్లజత అమ్మి, ఆ డబ్బుకి కొంత అప్పు కలిపి కొన్న బండి అది. మెటాడోర్ అంటే స్పెయిన్ దేశంలో బరిలోకి దిగి ఎద్దుని పొడిచి చంపేవాడని ఆ తరవాతెవరో చెబితే నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. దాన్ని ఏనాడూ కిరాయికి తిప్పలేదు. చుట్టాలు తిప్పనిచ్చేవాళ్ళు కాదు. తెనాలిలో పెళ్ళిచూపులకి, పెనుమూడి రేవులో పుష్కర స్నానాలకి, కాన్పుకొచ్చే ఆడపడుచులకి అదే బండి. దిగేటప్పుడు అందరూ "బాబాయ్, డీజిల్‌కి ఏమన్నా ఇవ్వమంటావా?" అని అడిగేవాళ్ళు. అడగడం వరకు ఎవరూ లోటు చెయ్యలేదు.

గగ్గయ్య అని పేరు పెట్టింది మా నానమ్మ. నటుడు వేమూరి గగ్గయ్య గారు మా ఊరు వేమూరులోనే, 1895లో పుట్టారు. 1933లో వచ్చిన 'సతీ సావిత్రి' సినిమాలో యముడు ఆయనే. మా నానమ్మ దృష్టిలో ఆయన తరవాత వచ్చిన యములంతా గుమస్తాలు. బండి తాళం తిప్పగానే ముందు నాలుగు దగ్గులు, తరవాత గొంతు సవరింపు, ఆపైన కప్పు మీది పావురాలు లేచిపోయేలా ఒక గర్జన. "గగ్గయ్య వచ్చాడర్రా" అంది ఆవిడ మొదటి రోజునే. ఆ పేరే ఉండిపోయింది.

2022లో ఏప్రిల్ నాలుగున మా ఊరు గుంటూరు జిల్లా వదిలి కొత్తగా పుట్టిన బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. ఊరు ఊరంతా కదిలింది గానీ గగ్గయ్య కదల్లేదు. ఆ వేసవి సెలవులకి ఇంటికొచ్చిన మా అమ్మాయి ఫోను పట్టుకుని కొట్టంలోకి వెళ్ళింది. ఫోన్లో ఎవరో తెల్లవాళ్ళు గుండ్రటి మొహం ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో మంచం, పొయ్యి, కిటికీలకి పూల పరదాలు అమర్చుకుని కాపురం చేస్తున్నారు.

"తాతయ్యా, మన గగ్గయ్యని ఇలా చేద్దామా?"

నాన్న ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ ఫోక్స్‌వ్యాగన్‌కీ మా బండికీ దూరపు చుట్టరికం ఉందని నేనే చెప్పాల్సొచ్చింది. జర్మనీలో హాంబర్గ్ టెంపో కంపెనీ 1949లో మొదటి మెటాడోర్‌ని ఫోక్స్‌వ్యాగన్ ఇంజినుతోనే చేసింది. ఆ తెల్లవాళ్ళ వ్యాను రకం తయారీ మొదలైంది 1950లో. తరవాత ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళు ఇంజిన్లు ఇవ్వడం మానేశారు, పొత్తు చెడింది. ఆ టెంపో పేరే మన దేశం చేరి బజాజ్ టెంపో అయింది. వెరసి ఫోన్లో బండి మా బండికి వేలు విడిచిన మేనమామ కొడుకు. ఈ సంగతి నేను నవ్వులాటకి చెప్పాను. నాన్న పెళ్ళి సంబంధం తెలిసినంత శ్రద్ధగా విన్నాడు.

"ఇప్పుడు దీనికి డబ్బు పోయడం దేనికి నాన్నా?" అన్నాను.

"ఒరేయ్ అబ్బాయ్, అన్నగారు పాత షెవర్లే వ్యాను బాగుచేయించి, చైతన్యరథం అని పేరు పెట్టి, కొడుకు హరికృష్ణ చేత తోలించుకుంటూ ఊరూరా తిరిగాడు. దాన్లోనే నిద్ర, రోడ్డు పక్కనే స్నానం. 82 మార్చిలో పార్టీ పెట్టి 83 జనవరికి ముఖ్యమంత్రి అయిపోయాడు. మనం అదంతా అడుగుతున్నామా? తోలడానికి ఒక కొడుకు ఉంటే చాలు."

ఆ రథాన్ని తాను కళ్ళారా చూశానంటాడు నాన్న. ఎక్కడ అంటే ఒకసారి తెనాలి, ఒకసారి చందోలు. మొత్తానికి కొడుకుగా నా ఉద్యోగం ఖాయమైంది.

తెనాలి నుంచి మేస్త్రిని పిలిపించాం. ఆయన తలుపు తీసి లోపల కాలు పెట్టగానే నేల తగిలింది. బండి నేల కాదు, భూమి. వైరింగంతా ఎలుకలు తిన్నాయి. ట్యాంకులో డీజిలు బెల్లప్పాకంలా ముదిరింది. ఆయన ముందు సీట్ల మధ్యనున్న ఇంజిను మూత ఎత్తి, లోపలికి చూసి, మళ్ళీ దించి దణ్ణం పెట్టాడు. ఆ మూత మీదే మా అమ్మ ఒకప్పుడు ఇడ్లీ క్యారియరు పెట్టేది, ఊరు చేరేదాకా వేడి తగ్గేది కాదు. డ్రైవరుకి కూడా అంతే.

మెటాడోర్‌కి ముందు చక్రాలే లాగుతాయి. "ఎడ్లబండి లెక్కే. లాగేది ముందుండాలి, కూర్చునేది వెనకుండాలి" అని నాన్న మేస్త్రికే పాఠం చెప్పాడు. ఆ ముందు ఇరుసు సామానే దొరకలేదు. బెజవాడ ఆటోనగర్‌లో మూడుసార్లు తిరిగాం. తెనాలిలో ఇనప తుక్కుతో విగ్రహాలు చేసే శిల్పులున్నారు. బోల్టులు, గేరు చక్రాలు, చైన్లు అతికించి నిలువెత్తు మనుషుల్నే నిలబెడతారు. "మీకు కావలసిన గేరు ఈపాటికి ఏ మహానుభావుడి మోకాల్లోనో ఉంటుంది సార్" అన్నాడు మేస్త్రి. అప్పటినుంచి తెనాలిలో ఏ ఇనప విగ్రహం కనిపించినా నాన్న దండం పెట్టే నెపంతో మోకాళ్ళు తడుముతున్నాడు.

రేపల్లె బావ ప్రతి ఆదివారం ప్యాసింజరు ఎక్కి వచ్చేవాడు, స్పానరు ముట్టుకోకుండా సలహా ఇవ్వడానికి. టింకరింగు పని మా ఆవిడ దగ్గరుండి చేయించింది. తుప్పు గీకుతూ గీకుతూ ఆమె అసలు రంగు కనిపెట్టింది: లేత ఆకుపచ్చ. ముప్ఫై నాలుగేళ్ళుగా మేమంతా తెలుపు అనుకుంటున్నాం.

కాగితాల సంగతి చెప్పకపోతే బండి కథ పూర్తి కాదు. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువలు 600 ఉండేది, సరిగ్గా మేం మొదలెట్టిన ఆ 2022 ఏప్రిల్ నుంచే 5,000 అయింది. ఆలస్యానికి నెలకి 500 అదనం. ఎన్ని నెలలో లెక్కపెట్టబోయి నాన్న వేళ్ళు చాలక ఆపేశాడు. ఇంతలో అమ్మాయి ఇంకో రూలు పట్టుకొచ్చింది. యాభై ఏళ్ళు నిండిన బండి, ఉన్నది ఉన్నట్టుగా ఉంటే, వింటేజ్ కింద నమోదవుతుంది. నంబరు ప్లేటు మీద వి, ఏ అని అక్షరాలు వస్తాయి. అయితే దాన్ని రోజూ రోడ్డెక్కించకూడదు, ప్రదర్శనకో ర్యాలీకో తీసుకెళ్ళాలి. ఛాసిస్, బాడీ, ఇంజిను మార్చి ఉండకూడదు.

"మనది 2038కి వింటేజ్ అవుతుంది తాతయ్యా."

"నేను ఎప్పుడో అయ్యాను. నన్నూ రోజూ రోడ్డెక్కనివ్వడం లేదు మీ నానమ్మ" అన్నాడు.

ఇక్కడే చిక్కొచ్చింది. సింకు, అలమర, మడత బల్ల అంటూ బాడీకి కన్నాలు పెట్టడానికి వడ్రంగి సిద్ధంగా ఉన్నాడు. కన్నం పెడితే 2038లో ఏమంటారో! ఇల్లు రెండు పార్టీలైంది. ఒకటి పొయ్యి పార్టీ, రెండోది ప్లేటు పార్టీ. వారం రోజులు భోజనాల దగ్గర అదే గొడవ. చివరికి అమ్మ పెరుగు వడ్డిస్తూ తీర్పు చెప్పింది.

"గూడు బండిలో తిరణాలకి వెళ్ళినప్పుడు మేకులు కొట్టామా? అడుగున గడ్డి, మీద బొంత, మూల బిందె, తాడుకి లాంతరు. దిగాక మూడు రాళ్ళు పెట్టి వండుకునేవాళ్ళం. ఇంటికొచ్చాక అన్నీ దించేస్తే బండి బండే. మీ తెల్లవాళ్ళు ఇప్పుడు కనిపెట్టారా ఇది?"

ఎవరూ మాట్లాడలేదు. వడ్రంగి టీ తాగి వెళ్ళిపోయాడు. అలా గగ్గయ్యలోకి పరుపు, నవారు మంచం, రెండు పొయ్యిల స్టవ్వు, ఇత్తడి బిందె చేరాయి, ఒక్క మేకు పడకుండా. అమ్మాయి మాత్రం పట్టుబట్టి రంగురంగుల సీరియల్ లైట్లు, చిన్న ఫ్యాను పెట్టించింది.

2024 శివరాత్రికి మొదటి ప్రయాణం. దూరం వద్దని మేస్త్రి చెప్పాడు కాబట్టి పక్క అమృతలూరు మండలంలోని గోవాడ బాలకోటేశ్వరస్వామి తిరణాలకి. తాళం తిప్పాను. నాలుగు దగ్గులు, గొంతు సవరింపు. గర్జనకి వీధిలో ముసలివాళ్ళంతా అరుగుల మీదికి వచ్చారు. పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి మలుపు మలుపుకీ నా భుజాలు కూడా దగ్గాయి. అయినా చేరాం. అక్కడికెళ్ళాక తెలిసింది, ఇంత కష్టపడి అమర్చిన వంటిల్లు పనికిరాదని. అందరం ఉపవాసం.

రాత్రంతా ప్రభలు చూస్తూ, ఫ్యాను వేసుకుని, లైట్లు వెలిగించుకుని, ఆరు ఫోన్లు చార్జింగు పెట్టుకుని దర్జాగా జాగారం చేశాం. తెల్లవారుజామున తాళం తిప్పితే ఒక్క దగ్గు కూడా రాలేదు. బ్యాటరీ శివసాయుజ్యం పొందింది.

నేను ఇంజిను మూత ఎత్తి చూస్తుండగా వెనక తలుపు చప్పుడైంది. చంకలో పిల్లలతో, చేతిలో చెరుకుగడలతో జనం ఎక్కి కూర్చుంటున్నారు. ఆగి ఉన్న మెటాడోర్‌ని చూస్తే మా వైపు మనుషులు అడగరు, ఎక్కుతారు. పరుపు మీద ఐదుగురు, మంచం మీద నలుగురు, బిందె మీద ఒకాయన. మా ఆవిడ "ఇది సొంత బండండీ" అంటే, "మాకూ తెలుసమ్మా, కిటికీలకి గుడ్డలు చూస్తే తెలీట్లా? ఓనరు మంచి టేస్టు మనిషి" అందొక పెద్దావిడ.

బిందె మీదాయన నాన్నని అడిగాడు. "బాబాయ్, ఇంకెంతమంది ఎక్కితే కదుల్తుంది?"

"ఎక్కితే కదల్దు, దిగితే కదుల్తుంది" అన్నాడు నాన్న.

అందరూ దిగారు, నెట్టారు. ఇరవై గజాల్లో గగ్గయ్య గర్జించాడు. అందరూ మళ్ళీ ఎక్కారు. వేమూరు స్టేషను దగ్గర దింపితే ఆ పెద్దావిడ కొంగు ముడి విప్పి పది రూపాయల నోటు నాన్న చేతిలో పెట్టింది.

"పర్మిట్ లేదు నాన్నా, తీసుకోకూడదు" అన్నాను గొంతు తగ్గించి.

1988 నుంచి ఎదురుచూస్తున్న మనిషికి ఆ మాట వినపడలేదు. నోటు కళ్ళకద్దుకుని, చొక్కా జేబు వెతికి, ఆవిడకి ఐదు రూపాయలు చిల్లర ఇచ్చాడు.