సారుకి ముందు చెప్పండి

మా రోజుల్లో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) పిల్లలు తేదీ అడగడానికి ప్రోగ్రాం ఆఫీసర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళు. ఇప్పటివాళ్ళు తేదీ తామే పెట్టేసుకుని సంతకం కోసం వెళ్తున్నారు. అప్పటికే పోస్టరు వాట్సాప్‌లో తిరిగేస్తుంటుంది, అందులో సారు పేరూ ఉంటుంది. క్లాసుకు వెళ్తున్న మనిషిని వరండాలో ఆపి, కాగితం గోడకానించి "ఒక్క సంతకం సార్" అంటారు. ఆయనా చదవకుండా గీకేస్తాడు. ఇదేం పద్ధతి? వాలంటీరుగా పార పట్టినవాణ్ణి, లెక్చరరై యూనిట్ నడిపినవాణ్ణి, నాకు రెండు వైపులా తెలుసు.

గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో ఈ పథకం మొదలైంది. ఏడాదికి 120 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు, ప్రతి యూనిట్‌కీ బాధ్యుడిగా ఒక అధ్యాపకుడు. ఆ అధ్యాపకుణ్ణి ఎందుకు పెట్టారో ఇప్పుడెవరూ ఆలోచించరు. పిల్లలు మూడేళ్ళకు డిగ్రీ ముగించుకుని వెళ్ళిపోతారు. ఊళ్ళోవాళ్ళకు మాత్రం మాటిచ్చిన కాలేజీ గుర్తుంటుంది. నిరుడు సగంలో ఆగిన మురుగుకాలవ గురించి సర్పంచ్ నిలదీసేది ఆ సారునే.

క్యాంపుకు చాలా ముందే మా సారు ఇద్దరు లీడర్లను వెంటబెట్టుకుని ఊరంతా తిరిగేవారు. బడిలో పడుకోవడానికి గదులున్నాయా, ఆడపిల్లలకు స్నానాలగది ఎక్కడ, ఆ వారం కోతలున్నాయా, వానకు నీళ్ళు నిలిచేదెక్కడ, అన్నీ అడిగేవారు. తిరిగొచ్చాక కూర్చుని వాదించుకునేవాళ్ళం. మేం రోడ్డు వేద్దామంటే ఆయన ముందు కాలవ తవ్వమనేవారు. మేం ఎదురు చెప్పినా వినేవారు, కాదంటే ఎందుకు కాదో చెప్పేవారు. ఎవరి మాట నెగ్గినా మర్నాడు ఊళ్ళో మాత్రం అందరిదీ ఒకే మాట.

ఇప్పుడు రక్తదాన శిబిరం పెట్టాలంటే బ్యానరుతో మొదలుపెడతారు. రక్తం ఇవ్వాలంటే 18 ఏళ్ళు నిండాలి, కనీసం 45 కిలోల బరువుండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. డిగ్రీ మొదటి ఏడాదిలో పదిహేడేళ్ళవాళ్ళు ఎంతమంది ఉంటారు! ముందు వెళ్ళి చెప్తే సారో, మేడమో ఈ మాట ఆనాడే అడుగుతారు. చెప్పకపోతే శిబిరం రోజున పిల్లలు వరసలో నిలబడి, కాదనిపించుకుని, ముఖాలు వేలాడేసుకుని వెనక్కి పోతారు.

డబ్బు సంగతీ అంతే. మా లీడరు ప్రతి రాత్రీ కూరగాయల బిల్లు దగ్గర్నుంచీ పుస్తకంలో రాసి సారుకి చూపించేవాడు. ఇప్పుడు నలుగురి ఫోన్లలో నాలుగు చెల్లింపులు, అడిగితే స్క్రీన్‌షాట్లు. ఆడిట్‌లో జవాబు చెప్పుకోవలసింది ఎవరు? క్యాంపులో పిల్లాడికి జ్వరం వచ్చినా అంతే, ఆ కబురు సారుకి వాళ్ళ నాన్న ఫోన్ చేస్తేగానీ తెలియదు. మంచి కబురు నిదానంగా చెప్పినా నష్టం లేదు, చెడ్డ కబురు మాత్రం ఆయన చెవిన ముందు పడాలి.

సార్లకూ ఒక మాట. కాలేజీకి గ్రేడిచ్చే నాక్ ఫైలుకు ఫొటోలు, రిపోర్టు అందితే చాలనుకోకండి. మీరు వారానికి ఒక గంట కేటాయించి కూర్చుంటే పిల్లలు వరండాలో మిమ్మల్ని వెంబడించాల్సిన పని ఉండదు.

ఈ ఏడాది లీడర్లయిన పిల్లలకు నేను చెప్పేది ఒకటే. పోస్టరు తర్వాత చేసుకోవచ్చు. ముందు ఒక నోటుపుస్తకం తీసుకుని మీ ప్రోగ్రాం ఆఫీసర్ దగ్గరికెళ్ళి, "నిరుడు ఆ ఊళ్ళో ఏం మిగిలిపోయింది సార్?" అని అడగండి. ఆయన చెప్పింది రాసుకోండి. మీ క్యాంపు పని అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.